మీ గ్యాస్ గీజర్ ఆరుతుందా?

గ్యాస్ గీజర్ వెలుగుతుందో లేదో చూడటానికి మెకానిక్ అక్కర్లేదు. కుళాయి తిప్పితే తెలిసిపోతుంది. ఆరాల్సినప్పుడు ఆరుతుందా? ఇది మాత్రం ఎవరూ చూడరు. కొన్నరోజున షాపువాడు చూపించడు, బిగించడానికి వచ్చిన కుర్రాడు చూపించడు. తర్వాత ఏళ్ల తరబడి ఆ పెట్టె గోడకి వేలాడుతూనే ఉంటుంది, మనం దాని కింద కుర్చీపీట వేసుకుని స్నానం చేస్తూనే ఉంటాం.

నేను ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్ మనిషిని. పాలిటెక్నిక్‌లో డిప్లొమా అయ్యాక గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో చేరాను. నా సర్వీసులో ఎక్కువ భాగం గ్యాస్ బర్నర్ల దగ్గరే గడిచిపోయింది. అక్కడ నేర్చుకున్నదాంట్లో ఇంటికి పనికొచ్చేది ఏదైనా ఉంటే, ఈ ఆరడం గురించి నేర్చుకున్నదే.

మన విశాఖలో గీజర్‌కి ఏడాదికి మూడు నాలుగు నెలలే పని. శివరాత్రి దాటిందంటే ట్యాంకులో నీళ్లే కాగిపోయి ఉంటాయి, ఇంక గీజర్ జోలికి ఎవరూ వెళ్లరు. మళ్లీ కార్తీకం వస్తేనే దానికి మోక్షం. మేముండేది ఎంవీపీ కాలనీలో, సముద్రం నడిచి వెళ్లేంత దూరం. ఆ మధ్య నెలలన్నీ ఉప్పుగాలి దాని లోపల తిరుగుతూనే ఉంటుంది. అందుకని ఏటా కార్తీకం మొదటి వారంలో మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరి గీజర్ మొరాయిస్తుంది. ఈసారి మా కింద ఫ్లాట్ పిన్నిగారిది.

"ఏటమ్మా ఇది, ఇలా అంటుకుంటంది, అలా ఆరిపోతంది" అని ఆవిడ నాతో అన్న రోజు నాకు సెకండ్ షిఫ్టు. నేను దిగి చూసేలోపే ఆవిడ ఎవరో మెకానిక్‌ని పిలిపించేసుకున్నారు. మర్నాడు మెట్ల మీద కనబడి, "ఒక్క వైరు మార్చాడమ్మా, ఇప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తంది" అన్నారు సంతోషంగా. ఒక్క వైరు అనగానే నాకు అనుమానం వచ్చింది. సిలిండర్ కట్టేయించి, సెల్లులు తీసి, ముందు మూత విప్పి చూశాను. అనుకున్నట్టే ఉంది. వేడి మితిమీరితే గీజర్‌ని ఆపాల్సిన కటాఫ్‌కి వెళ్లే రెండు వైర్లనీ తెంపి, రెంటినీ మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టేశాడు. కటాఫ్ బిళ్ల మాత్రం రాగి గొట్టం మీద అలాగే ఉంది, వైర్లు లేకుండా, అలంకారానికి.

అది ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి.

మన ఇళ్లల్లో ఉండే, నిమిషానికి ఆరు లీటర్లిచ్చే గీజర్లకి చాలావాటికి ప్లగ్గే ఉండదు. అడుగున చిన్న డబ్బాలో రెండు లావు సెల్లులు, రెండూ కలిపి 3 వోల్టులు. దాని కరెంటంతా అదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉన్నాక, కరెంటుతో పనిలేని గీజర్ అని గ్యాస్‌ది కొనుక్కున్నవాళ్లు నాకు తెలుసు. కరెంటు లేకపోతే మోటార్ లేదు, మోటార్ లేకపోతే ట్యాంకులో నీళ్లు లేవు, గీజర్ ఒక్కటీ ఉండి ఏం చేస్తుందని ఎవరూ ఆలోచించలేదు. సరే, అది వేరే సంగతి.

కుళాయి తిప్పగానే నీళ్లు లోపలున్న డయాఫ్రమ్ అనే రబ్బరు పొర పక్కనుంచి పారతాయి. డయాఫ్రమ్‌కి అటూ ఇటూ ఒత్తిడిలో తేడా వచ్చి అది ఒక సన్నటి కడ్డీని తోస్తుంది. ఆ కడ్డీ ఒకేసారి రెండు పనులు చేస్తుంది. గ్యాస్ దారిలో ఉన్న ఒక వాల్వ్‌ని తెరుస్తుంది, పక్కనున్న మైక్రో స్విచ్‌ని కదుపుతుంది. స్విచ్ కదిలిందంటే లోపలున్న ఎలక్ట్రానిక్ బోర్డుకి నీళ్లు వస్తున్నాయని కబురు అందినట్టు. అప్పుడది టిక్ టిక్‌మని స్పార్క్ కొట్టడం మొదలుపెట్టి, సొలెనాయిడ్ వాల్వ్‌కి కరెంటు పంపుతుంది. అంటే గ్యాస్ బర్నర్ దాకా రావాలంటే వరసగా రెండు వాల్వులు దాటాలి. ఒకటి నీళ్లు తెరిచేది, ఇంకొకటి కరెంటు తెరిచేది. ఏ ఒక్కటి మూసుకున్నా మంట లేదు. గ్యాస్‌కి నీళ్లు కాపలా కాయడం మన ఊరికి కొత్త కాదు. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర భూగర్భంలో రాతిని తొలిచి 60 వేల టన్నుల ఎల్‌పీజీ పట్టే గుహ కట్టారు కదా, అక్కడ కూడా చుట్టూ రాతిలో ఉన్న నీటి ఒత్తిడి గ్యాస్ ఒత్తిడికన్నా ఎక్కువ ఉండబట్టే గ్యాస్ పగుళ్లలోంచి పైకి రాదు.

మంట అంటుకున్నాక దాన్ని కనిపెట్టుకుని ఉండే పని ఒక సెన్సర్ కడ్డీది. దాని కొస మంటలో మునిగి ఉంటుంది. మండే గ్యాస్‌లో అయాన్లు ఉంటాయి కాబట్టి మంటకి కాస్తంత కరెంటుని మోసే గుణం ఉంది. కాస్తంత అంటే మైక్రో ఆంపియర్లలో. ఆ చిన్న కరెంటు అందుతున్నంతసేపే బోర్డు సొలెనాయిడ్‌ని తెరిచి పట్టుకుంటుంది. మంట పోతే కరెంటు పోతుంది, కరెంటు పోతే వాల్వ్ వదిలేస్తుంది, లోపలున్న స్ప్రింగ్ దాన్ని మూసేస్తుంది.

ఇక ఆ కటాఫ్. రూపాయి బిళ్లంత ఉంటుంది. రాగి గొట్టానికి ఆనుకుని ఉండే దాని లోపల బైమెటల్ రేకు, అంటే రెండు లోహాలు అతికించిన రేకు. మామూలుగా కాంటాక్టు కలిసే ఉంటుంది. దాని ఒంటిమీద ముద్రించిన డిగ్రీలు దాటితే రేకు టక్కున వంగి కాంటాక్టు విడిపోతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. సెల్లులు అయిపోయినా, వైరు తెగినా, సెన్సర్ మీద మసి పట్టినా, కటాఫ్ పాడై విడిపోయినా, వీటన్నిటి ఫలితం ఒక్కటే: గ్యాస్ బందు. ఇది యాదృచ్ఛికం కాదు, కావాలనే అలా తయారుచేస్తారు. ఏది చెడినా ఆగిపోయే వైపే చెడాలి. మంచి ఏర్పాటే. చిక్కల్లా ఏమిటంటే ప్రమాదం వల్ల ఆగిన గీజరూ, చిలుము పట్టి ఆగిన గీజరూ బయటికి ఒకేలా కనిపిస్తాయి.

మన సముద్రతీరంలో వందకి తొంభైసార్లు చిలుమే అని నా నమ్మకం. ఇత్తడి క్లిప్పుల మీద ఆకుపచ్చగా పేరుకుంటుంది చూశారా, అది. 230 వోల్టుల లైనులో కాంటాక్టుకి రెండు మూడు ఓముల నిరోధం వస్తే బల్బు వెలుతురులో తేడా కూడా తెలీదు. 3 వోల్టుల లైనులో అదే నిరోధం సొలెనాయిడ్‌కి అందాల్సిన దాంట్లో సగం మింగేయగలదు. దాంతో వాల్వ్ పట్టు వదిలేస్తుంది. ఇంట్లోవాళ్లు కంప్లైంట్ అంటారు. మెకానిక్ వస్తాడు, వైర్లు ఒక్కొక్కటీ కలిపి చూస్తాడు, దేన్ని కలిపితే వెలిగిందో దాన్ని అలాగే వదిలేసి టేపు చుట్టేస్తాడు. ఆ క్లిప్పు తీసి ఎమరీ కాగితంతో రుద్దితే సరిపోయే పని అది.

పిన్నిగారి ఫోన్‌లోంచే ఆ మెకానిక్ అబ్బాయికి ఫోన్ చేశాను. "అక్కా, అది తీసేసినా ఏం కాదక్కా, అందరివీ అలాగే చేస్తన్నాం" అన్నాడు. దాపరికం లేదు, బెదురూ లేదు. గొడవ పెట్టుకోవాలనిపించలేదు. మళ్లీ అదే కంప్లైంట్ వస్తే వాడు పెట్రోలు తగలేసుకుని ఊరికే రావాలి. అతని లెక్కలో వెలిగే గీజర్ బాగైన గీజర్. కానీ ఆ "అందరివీ" అన్న మాటకి మాత్రం నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

మా ఫ్యాక్టరీలో ఇలాంటి జంపర్ వేయాలంటే, అంటే ఒక సేఫ్టీని తప్పించి వైర్లు కలిపేయాలంటే, కాగితం ఉంటుంది. ఏ సేఫ్టీ, ఎందుకు, ఎప్పటిదాకా, ఆలోపు దాని బదులు ఎవరు కనిపెట్టుకుని ఉంటారు, అన్నీ రాసి షిఫ్ట్ ఇన్‌ఛార్జి సంతకం తీసుకోవాలి. ప్యానెల్ మీద ట్యాగ్ వేలాడదీయాలి. నేను చేరిన కొత్తలో ఇదంతా చాదస్తం అనుకునేదాన్ని. మా సీనియర్ ఒకాయన యూవీ ఫ్లేమ్ స్కానర్ విప్పి చూపించాక ఆ మాట అనడం మానేశాను.

పెద్ద బర్నర్లలో మంటని దూరంనుంచి చూసే స్కానర్లు ఉంటాయి. మంటలోంచి వచ్చే అతినీలలోహిత కాంతిని ఒక గాజు ట్యూబు పసిగడుతుంది. ఆ ట్యూబు ముసలిదైతే రెండు రకాలుగా చెడొచ్చు. ఉన్న మంటని లేదు అనొచ్చు. అప్పుడు బర్నర్ ఆగిపోతుంది, ప్రొడక్షన్ వాళ్లు మనల్ని తిడతారు, అంతే. లేని మంటని ఉంది అని కూడా అనొచ్చు. అప్పుడెవరూ తిట్టరు, అంతా ప్రశాంతంగా ఉంటుంది. మంట ఆరినా వాల్వులు తెరిచే ఉంటాయి, గ్యాస్ ఫర్నేస్‌లోకి పోతూనే ఉంటుంది. అందుకని ఆగకుండా నడిచే బర్నర్లకి ట్యూబు ముందు చిన్న షట్టర్ పెడతారు. అది కొద్ది సెకన్లకోసారి మూసుకుంటుంది. మూసుకున్నప్పుడు కూడా ట్యూబు మంట కనిపిస్తోంది అందంటే అది అబద్ధం చెబుతున్నట్టు, వెంటనే ట్రిప్, బర్నర్ బందు. దానికి కళ్లు మూసి ఇప్పుడేం కనిపిస్తోందని అడగడమన్నమాట.

పిన్నిగారి గీజర్‌కి ఆ సాయంత్రం నేను చేసింది అదే. ముందు కటాఫ్ సంగతి తేల్చాను. గొట్టం మీదినుంచి విప్పి, మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి రెండు కాళ్లకి తగిలిస్తే బీప్ వచ్చింది. అంటే కలిసే ఉంది, పాడవలేదు. అంతటితో ఆపేస్తే సగం పరీక్షే. దాని మీద 85 అని ముద్ర ఉంది. పొయ్యి మీద నీళ్లు తెర్లేదాకా కాచి, దించి, కటాఫ్ మొహం మాత్రం నీళ్లకి తగిలేలా, కాళ్లు తడవకుండా పట్టకారుతో పట్టుకున్నాను. కాసేపటికి చిన్న టక్కు, బీప్ ఆగిపోయింది. తీసి గాలికి పెడితే కొంతసేపటికి మళ్లీ బీప్. బంగారంలాంటి కటాఫ్. దాని క్లిప్పులకి మాత్రం చిలుము. రుద్ది, తెగిన వైర్లకి కొత్త క్లిప్పులు నొక్కి, మళ్లీ యథాస్థానంలో పెట్టాను. డాబాగార్డెన్స్ షాపుల్లో ఈ క్లిప్పులు గుప్పెడు కొనుక్కోవచ్చు, పెద్ద ఖర్చేమీ కాదు.

తర్వాత సిలిండర్ కట్టేసే ఉంచి, సెల్లులు వేసి, కుళాయి తిప్పాం. గ్యాస్ లేకుండా. టిక్ టిక్ మొదలైంది, సొలెనాయిడ్ టక్కుమంది. మంట రాదు కదా, కొన్ని సెకన్లు చూసి బోర్డు తనంతట తానే ఆపేయాలి. ఆపేసింది. మళ్లీ కుళాయి కట్టి తిప్పి, టిక్ టిక్ మధ్యలో కుళాయి కట్టేస్తే అక్కడికక్కడే ఆగిపోవాలి. అదీ ఆగింది. ఇందులో ప్రమాదం ఏమీ లేదు, ఎవరైనా చేయొచ్చు. స్పార్క్ వైర్లని మాత్రం చేత్తో ముట్టుకోకండి. సెల్లులు 3 వోల్టులే అయినా స్పార్క్ కొనకి వచ్చేసరికి అది వేల వోల్టులు. ప్రాణం తీయకపోవచ్చు గానీ ఉలిక్కిపడి చెయ్యి విసిరితే పక్కనున్న రేకు కోసేస్తుంది.

అప్పుడు సిలిండర్ తెరిచి మంట వెలిగించి, కుళాయి కట్టేశాం. మంట వెంటనే పోయింది. ఈ ఒక్క పరీక్షా ప్రతి ఇంట్లో రోజూ జరుగుతూనే ఉంటుంది, మనం చూడం అంతే. కుళాయి కట్టాక మంట ఒక్క క్షణం ఎక్కువ నిలిచినా డయాఫ్రమ్ కడ్డీ బిగుసుకుంటోందని అర్థం. బోరు నీళ్లున్న ఇళ్లల్లో తెల్లటి ఉప్పు పేరుకుని కడ్డీ అలా బిగుసుకుంటుంది. అది పూర్తిగా ఇరుక్కుపోతే నీళ్లు ఆగినా మంట ఆగదు. గొట్టంలో కదలకుండా ఉన్న కాసిని నీళ్లు మరిగి ఆవిరి అవుతాయి. ఆ క్షణంలో ఇంట్లో అందరికీ మిగిలిన దిక్కు ఆ కటాఫ్ ఒక్కటే. నల్ల టేపు కింద మెలిపెట్టి ఉన్నది ఆ దిక్కునే. ఇది చెప్పినప్పుడు పిన్నిగారు కుర్చీలో కూలబడి "ఓలమ్మో" అన్నారు.

నాకు బాగా ఇష్టమైన పరీక్ష చివర్న చేశాను. మంట మండుతుండగా రెగ్యులేటర్ దగ్గర నాబ్ కట్టేయడం. పైపులో ఉన్న గ్యాస్ అయిపోయి మంట దానంతట అది ఆరిపోతుంది. కుళాయి తెరిచే ఉంది, నీళ్లు పారుతూనే ఉన్నాయి, కాబట్టి నీటి వాల్వ్ ఇంకా తెరుచుకునే ఉంది. గ్యాస్‌ని ఆపగలిగింది ఇప్పుడు సొలెనాయిడ్ ఒక్కటే. సెన్సర్ మంట పోయిందని చెప్పాలి, బోర్డు వినాలి, వాల్వ్ మూసుకోవాలి. కొన్ని రకాలు ఒకసారి మళ్లీ స్పార్క్ కొట్టి చూస్తాయి, అప్పటికీ మంట లేకపోతే మూసేస్తాయి. మూసుకున్న టక్కు శబ్దం చెవిపెట్టి వినాలి. ఆ తర్వాతే కుళాయి కట్టేసి, చివర్న సిలిండర్ తెరవాలి. ఈ వరస తప్పకూడదు. సిలిండర్ అయిపోయి మార్చే ప్రతిసారీ ఇది ఎలాగూ జరిగేదే. అప్పుడు కాస్త చెవి పెడితే చాలు, వేరే పరీక్ష అక్కర్లేదు.

సెన్సర్ వైరు పీకి చూడటం కూడా ఉంది. సిలిండరూ సెల్లులూ తీసేశాక సెన్సర్ క్లిప్పు ఊడదీసి, మళ్లీ అన్నీ పెట్టి వెలిగిస్తే, మంట వచ్చి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. వైరు లేకుండా కూడా హాయిగా మండుతూనే ఉందంటే సిలిండర్ కట్టేసి ఆ గీజర్‌ని ఇంక వాడొద్దు. ఇది మాత్రం చేతికి అలవాటున్నవాళ్లు చేయాల్సిందే. గ్యాస్ వాల్వుల లోపలి భాగాలు విప్పడం అలవాటున్నవాళ్లు కూడా ఇంట్లో చేయకూడదు. నేనూ విప్పను. పైపు జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తాయేమో చూడటం వరకే నా పరిధి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూత బిగించేశాను. కానీ అసలు భయం నాకు అప్పుడే మొదలైంది, ఎందుకంటే ఆ గీజర్ ఉన్నది బాత్‌రూమ్ లోపల.

ఇంతసేపూ చెప్పిన సేఫ్టీల్లో ఒక్కటి కూడా గాలి సంగతి చూడదు. ఘనపరిమాణం లెక్కన ప్రొపేన్ ఒక వంతు పూర్తిగా మండాలంటే 24 వంతుల గాలి కావాలి. బ్యూటేన్‌కైతే 31 వంతులు. మన సిలిండర్‌లో ఉండేది ఈ రెండూ కలిసినదే. తలుపు వేసి, చలి అని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డంపెట్టి స్నానానికి దిగితే ఆ చిన్న గదిలో గాలి ఎంతసేపు సరిపోతుంది? ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. సిలిండర్ లీకైతే ముక్కుకి తెలియడానికి అందులో మెర్కాప్టాన్ అనే కంపు కలుపుతారు. కాలిన తర్వాత వచ్చే ఈ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం. ఉపవాసం ఉన్న మనిషికి కార్తీక సోమవారం నాడు ఇవి వస్తే నీరసం అనుకుంటారు. అదే సమయంలో గీజర్ లోపల సెన్సర్‌కి మంట కనిపిస్తూనే ఉంటుంది, కటాఫ్ చల్లగానే ఉంటుంది, అంతా సవ్యమే అని బోర్డు అనుకుంటుంది. ఆక్సిజన్ తగ్గితే ఆపే సెన్సర్లు కొన్ని రకాల్లో ఉన్నాయి. పిన్నిగారి దాంట్లో లేదు. కొన్ని గీజర్లలో ఇరవై నిమిషాలకి దానంతట అది ఆరిపోయే టైమర్ ఉంటుంది. మూసిన గదిలో ఇరవై నిమిషాలు చాలా ఎక్కువ, దాన్ని చూసుకుని ధైర్యపడకండి.

లీకైన గ్యాస్ కూడా పైకి పోయే రకం కాదు. గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, నేలబారుగా పాకి తూములోకి, మంచం కిందికి చేరుతుంది. గాలిలో సుమారు 2 శాతం ఉంటే చాలు, అంటుకోవడానికి సిద్ధం. 1997 సెప్టెంబర్‌లో రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై అంటుకున్న రోజు గుర్తున్న విశాఖవాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. అందుకే వెంటిలేటర్ పైన ఒకటుంటే సరిపోదు, కింద కూడా గాలి కదిలే దారి ఉండాలి.

పిన్నిగారబ్బాయి బెంగళూరులో ఉంటాడు. ఫోన్‌లో విషయం చెబితే "అక్కా, ఎంతైనా పర్లేదు, బయట పెట్టించేయండి" అన్నాడు. వంటింటి వెనక యుటిలిటీ బాల్కనీలో గ్రిల్లు పక్కన పెట్టించాం. గ్యాస్ ఏజెన్సీ తరఫున వచ్చే మనిషి చేతే పైపు మార్పించాం. మామూలు రబ్బరు ట్యూబు కాకుండా ఐఎస్‌ఐ ముద్ర ఉన్న నారింజరంగు హోస్. వాన జల్లు పడకుండా పైన చిన్న రేకు. బాల్కనీలో ఉప్పుగాలి ఇంకా ఎక్కువ తగులుతుంది కాబట్టి క్లిప్పులన్నిటికీ కాస్త వాసెలిన్ పూశాను. ఇక మీదట శివరాత్రి తర్వాత సెల్లులు తీసేసి డబ్బా మూత పెట్టేయమని, కార్తీకానికి ముందు కొత్తవి వేసి రెగ్యులేటర్ పరీక్ష ఒకసారి చేయమని చెప్పాను. ఆవిడకి ఆ టక్కు శబ్దం వినడం సరదాగా ఉంది. మా అమ్మతో ఫోన్‌లో దాని గురించే చెప్పారట.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడకి నా మీద కోపం ఉంది. పైపు దూరం పెరిగింది కదా, బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పాక వేడినీళ్లు రావడానికి ఇదివరకటికన్నా ఆలస్యం అవుతోంది. "తెల్లారగట్ట చన్నీళ్లలో చెయ్యి పెట్టుకుని నిలబడాలేటి" అంటారు. ముందు వచ్చే చన్నీళ్లు బకెట్‌లో పట్టి తులసికోటకి పోయమన్నాను. బకెట్‌లో పడుతున్నారు గానీ సణుగుడు తగ్గలేదు.